ఏ ప్రాణిని కాపాడవలెను?

గుండ్లకమ్మ యొడ్డున నున్న అద్దంకి పశుసంపదకు పేరుమోసిన సీమలోని ఊరు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, తొందరలేని నడక గల ఒంగోలు జాతి యెడ్లు ఈ నేలపైననే పుట్టి, ఈ నల్లరేగడిని దున్ని, ఇక్కడనే ముసలివై మరణించెడివి. ఎద్దు చచ్చిన దినమున ఇంటి మనిషి పోయినట్లే రైతు దుఃఖించెడివాడు. పిదప కళేబరమును ఊరి వెలుపలికి ఈడ్పించెడివాడు. తోలు ఒలుచువారు వచ్చి తోలు ఒలుచుకొని పోయెడివారు. మిగిలిన పని మనుష్యులది కాదు, అది రాబందులది.

ఆకాశమున చుక్కవలె తిరుగుచున్న పక్షి యొకటి రెక్కలు ముడిచి క్రిందికి దిగును. దానిని చూచి, క్రోసెడు దూరమున తిరుగుచున్న మరియొకటి దిగును. దానిని చూచి ఇంకొకటి. చూచుచుండగనే కళేబరము చుట్టును వెండ్రుకలు లేని మెడలు, వంకరముక్కులు, బారలు సాచిన రెక్కలు మూగును. పిల్లలు భయపడి దూరమునుండియే చూచెడివారు. పెద్దలు తువ్వాలు ముక్కునకు అడ్డము పెట్టుకొని తొలగిపోయెడివారు. కొలది వ్యవధిలోనే ఎముకల గూడు తప్ప మరేమియు మిగిలెడిది కాదు. ఎముకలు ఎండిన తరువాత వానిని ఏరి ఎరువుపిండికై అమ్ముకొనువారును ఉండిరి. దుర్గంధము లేదు, ఈగలు లేవు, ఎవరికిని కాసు ఖర్చు లేదు.

1980 ప్రాంతము వరకు దేశమందలి పల్లెలలో ఇది సామాన్యమైన దృశ్యము. నేటి బడిపిల్లలలో దీనిని కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు.

తెలుగువారికి ఈ పక్షిపై రెండు విధములైన భావములు కలవు. సీతను విడిపింపబోయి రెక్కలు తెగి కూలిన జటాయువు ఈ జాతి పక్షియేనని నమ్ముదురు. దానిని చూచి రాముడు ‘లే, పక్షీ’ అనిన చోటనే లేపాక్షి వెలసినదని రాయలసీమవారు చెప్పుకొందురు. ఐనను పరుల కష్టముపై బ్రతుకువానిని ‘రాబందు’ అని తిట్టుట లోకపు వాడుక. పురాణములోని పక్షికి మ్రొక్కు, ఊరి వెలుపలి పక్షికి తిట్టు!

1980 నాటికి మన దేశమున రాబందులు కోట్ల సంఖ్యలో ఉండెడివని శాస్త్రజ్ఞుల అంచనా. అందులో తెల్లవీపు రాబందు అన్నిటికంటె ఎక్కువ. 1992 మొదలు 2007 వరకు దేశమున పలుచోట్ల త్రోవల వెంబడి సాగుచు లెక్కించి చూడగా, ఆ తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి మాత్రమే మిగిలినట్లు తేలినది. పదునైదేండ్లలో ఇంతటి నాశనము! ఇంత శీఘ్రముగా తరిగిపోయిన పక్షిజాతులు లోకమున చాల కొద్ది.

వింత యేమనగా, ఈ పక్షితో ఎవరికిని వైరము లేదు. దానిని వేటాడువారు బహుకొద్దిమంది. దాని ఈకలకు గిరాకి లేదు. పశువులు చచ్చుచునే యుండెను గనుక ఆహారమునకు కొదువ లేదు. రాజస్థానమందలి భరత్‌పూరు పక్షి ఆశ్రయమున విభుప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1990 తరువాతి సంవత్సరములలో ఖాళీ గూళ్లను, మెడలు వ్రేలవేసి కొమ్మలపై కూర్చున్న రోగిష్ఠి పక్షులను గమనించెను. ఏదో అంటురోగము ప్రబలినదని మొదట పలువురు తలచిరి. చచ్చిన పక్షులను కోసి చూడగా లోపలి అవయవములపై సున్నము పూసినట్లు తెల్లని పొర కనబడెను. మూత్రపిండములు చెడి, బయటికి పోవలసిన మలినము శరీరమునందే పేరుకొనుటచే ఆ పొర ఏర్పడినది. మూత్రపిండములను చెరచినదేది?

దాని జాడ పాకిస్తానులో దొరకినది. లిండ్సే ఓక్స్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును అక్కడి రాబందులను పరీక్షించి 2004లో తమ నిర్ణయమును ప్రకటించిరి. హంతకి యొక నొప్పిమందు. దాని పేరు డైక్లోఫెనాక్. మనుష్యుల కీళ్లనొప్పులకు వైద్యులిచ్చు మందే అది. చవుకగా దొరకుచుండుటచే 1990 తరువాత పశువులకును ఇచ్చుట ఆచారమైనది. కాలు బెణికి కుంటుచున్న ఎద్దునకు, పొదుగు వాచిన ఆవునకు సూది వేయించెడివారు. పశువు కోలుకొన్నచో చిక్కు లేదు. కొలది దినములలో మందు దాని దేహమునుండి వెడలిపోవును. సూది వేయించిన ఒకటి రెండు దినములకే చచ్చినచో మందు మాంసమున నిలిచియుండును. రాబందు ఒంటరిగా తినదు. ఒక్క కళేబరముచుట్టు పదులకొలది చేరును. కావున నూరు కళేబరములలో ఒక్కదానియందు మందున్నను ఆ జాతి నశించుటకు చాలునని లెక్కలు కట్టి చూపిరి.

ఆ సూది వేయించినవాడు దుర్మార్గుడు కాడు. మూగజీవము నొప్పిచే మూల్గుచుండగా చూడలేక చేతిలోని డబ్బు ఖర్చు పెట్టినవాడు. ఎద్దుపై అతనికి గల కనికరమే రాబందునకు విషమైనది. ఈ సంగతి అతనికి తెలియదు, మందు చేసినవానికి తెలియదు, పశువైద్యునకును తెలియదు. ప్రాణిజాతులు నశించుటను గూర్చి చెప్పునపుడు వేటగాని తుపాకినే ముందుగా చూపుట వాడుక. తుపాకి చేసిన చెరుపును తక్కువగా చూడరాదు. ఉత్తర అమెరికాలో సూర్యుని కప్పివేయునట్లు గుంపులుగా ఎగిరిన ప్రయాణపు పావురములను వేటగాండ్రు మాంసముకొరకు బండ్లకెత్తిరి. ఆ జాతిలో చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో చచ్చినది. మన దేశపు చీతాయు వేటలకు బలియై, 1952 నాటికి లేనిదని ప్రకటింపబడినది. కాని నేటి నాశనములలో పెక్కింటికి కారణము పగ కాదు. మనుష్యుడు మరి యేదో పని చేసికొనుచుండగా, ప్రక్కనున్న ప్రాణికి తగిలిన దెబ్బ.

రాబందులు పోయిన వెనుక కళేబరములు ఊరి వెలుపల కుళ్లుట మొదలైనది. కుక్కలు ఆ మాంసముపై బలిసి పెరిగెను. కుక్కలతో పాటు పిచ్చికుక్కకాటు భయమును పెరిగెను. కుళ్లు నీటిలో కలిసెను. ఈయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు 2024లో ఒక లెక్క ప్రకటించిరి. రాబందులు విరివిగా నుండి నశించిన జిల్లాలను, అవి మొదటినుండియు అంతగా లేని జిల్లాలతో పోల్చి చూచిరి. 2000 మొదలు 2005 వరకు మన దేశమున సుమారు ఐదు లక్షల మంది అదనముగా మరణించిరని వారి అంచనా. ఎవరును ప్రేమింపని పక్షి ఊరికి చేయుచుండిన సేవ, అది పోయిన తరువాత గాని లెక్కకు రాలేదు.

రాబందు దేశమంతట నుండెడి పక్షి. కలివికోడి సంగతి దీనికి విరుద్ధము. ఇది జానెడు కంటె కొంచెము పెద్దది. పగలు పొదల మాటున నక్కియుండి, రాత్రివేళ పురుగులను ఏరుకొని తిను పిట్ట. నేడు కడప సీమయందలి ముండ్లపొదల బయళ్లు తప్ప దానికి వేరు నివాసము తెలియరాలేదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ జెర్డాన్ అను ఆంగ్లేయ వైద్యుడు దానిని లోకమునకు తెలిపెను. 1900లో అనంతపురము దాపున ఒకసారి కనబడి, ఆ తరువాత ఎనుబదియారేండ్లు ఏ శాస్త్రజ్ఞుని కంటను పడలేదు. నశించినదనియే గ్రంథములు వ్రాసెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ సిద్ధవటము ప్రాంతమున దానిని వెదకించుచుండగా, స్థానికుడైన వేటగాడొకడు రాత్రి దీపపు వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చెను. పండితులు లేదనుచున్నంత కాలమును పొదలవెంట తిరుగువారు దానిని పేరుపెట్టి పిలుచుచునే యుండిరి!

అటుపిమ్మట దాని కొరకు లంకమల అభయారణ్యము ఏర్పడినది. ఆ చెంతనే తెలుగు గంగ కాలువ త్రవ్వవలసివచ్చినది. కరువుసీమకు నీరు తెచ్చు కాలువ యొక వైపు, చేరెడు పిట్ట యొక వైపు. కడపట ఆ పిట్టకొరకు కాలువ దారినే మార్చిరి. చాల యేండ్లు మరల కనబడక వినబడక యుండి, 2025 ఆగస్టులో కడప జిల్లాయందు రాత్రివేళ దాని కూత పక్షి పరిశీలకుల చెవిని పడినది.

ఇచ్చటనే అసలు ప్రశ్న పుట్టును. రాబందు ఊరికి మేలు చేసినది, కాపాడుట న్యాయమే. కలివికోడి యెవరికేమి చేసినది? ఉన్న డబ్బు కొద్ది, చేయవలసిన పనులు కొండంత. నశింపబోవు ప్రతి జీవిని పట్టి నిలుపుట అవసరమా?

ఈ ప్రశ్న వేయువారిని మూర్ఖులని త్రోసివేయరాదు. వారి వాదమున బలము కలదు. భూమిపై జీవము పుట్టినది మొదలు ఉద్భవించిన జాతులలో నూటికి తొంబదితొమ్మిది ఇదివరకే నశించినవి. గోదావరి లోయలో దొరకిన కోటసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. పిల్లలు దానిక్రింద నిలిచి ఆశ్చర్యపడుదురు గాని, అది పోయినదని కంటతడి పెట్టువారు లేరు. పుట్టిన జాతి గిట్టుట ప్రకృతి ధర్మమే యైనపుడు ఇంత ఆరాట మేల?

దీనికి సమాధానము వేగములో నున్నది. జాతులు నశించుట క్రొత్త కాదు; నేటి వేగము క్రొత్త. 2019లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించిన నివేదికలో, గడచిన కోటి సంవత్సరముల సగటుతో పోల్చినచో నేటి నాశనము పదుల రెట్లు మొదలు వందల రెట్లు అధికమనియు, సుమారు పదిలక్షల జాతులు అపాయమున నున్నవనియు చెప్పిరి. ముసలివాడు చచ్చుట ప్రకృతి ధర్మము. ఊరిలోని పసివారందరును ఒక్క మాసమున చచ్చినచో దానిని ప్రకృతి ధర్మమని యెవరును ఊరకుండరు.

ఇక ‘ఎవరికేమి చేసినది?’ అను మాటకు అద్దంకిలోనే ఒక జవాబు కలదు. ఈ ఊరి పండరంగని శాసనము 848వ సంవత్సరమునాటిది. బోయకొట్టములను జయించిన సేనాని విజయమును అది తరువోజ ఛందమున చెప్పుచున్నది. నన్నయ భారతమునకు రెండు శతాబ్దముల ముందే తెలుగులో పద్యముండెనని ఆ రాయి సాక్ష్యమిచ్చుచున్నది. ఆ అక్షరములను చదివి తెలిసికొనక ముందు అది వట్టి బండ. ఎవరైన దానిని పగులగొట్టి గోడకు వేసికొన్నను ఆనాడు అడుగువారుండరు. పోయినదేమో తెలియకయే పోయియుండెడిది. పద్యమును ఎవరైన కంఠస్థము చేసియున్నచో మరల వ్రాసికొనవచ్చును. ప్రాణిజాతి పోయిన, దానిని తిరిగి వ్రాయగల చేయి ఇంతవరకు లేదు.

చదువక ముందే పగులగొట్టిన బండ యొకటి ఈ సీమ రైతు అనుభవములోనే కలదు. గుంటూరు, ప్రకాశము సీమలలో ప్రత్తి విస్తరించిన కాలమున పురుగును చంపుటకు క్రొత్త క్రొత్త మందులు మరల మరల చల్లిరి. ఆ మందులు చెడుపురుగుతో పాటు సాలీళ్లను, అక్షింతల పురుగులను, అల్లికరెక్కల పురుగులను కూడ చంపెను. తెల్లదోమను తిని అదుపున నుంచునవి ఈ చిన్న జీవులే. 1984–85లో తెల్లదోమ ఎన్నడును లేనట్లు విజృంభించి ప్రత్తిని ముంచివేసినది. 1987–88లో మందులకు లొంగని కాయతొలుచు పురుగు వచ్చి పడినది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రకాశము, గుంటూరు జిల్లాలలో ఆత్మహత్య చేసికొనిరి. వారి చేలలో ఏ పురుగు ఏ పని చేయుచుండెనో వారికి ముందుగా చెప్పినవారు లేరు.

ఐనను, రాతితో పోలిక కొంతదూరమే సాగును. రాయి యెవరిని కుట్టదు. 2021లో మిరపపూవులలో చేరి తోటలను ఎండగొట్టిన నల్లతామర పురుగును చూపి, ‘దీనిని కూడ కాపాడవలెనా?’ అని మిరప రైతు అడిగినచో ఏమని చెప్పవలెను? చేనినుండి తరుముట వేరు, లోకమునుండి తుడిచివేయుట వేరు. ఆ పురుగు ఆగ్నేయాసియానుండి వచ్చిన పరాయిది. తన చేనిని దానినుండి కాచుకొను హక్కు రైతునకు సంపూర్ణముగా కలదు. దాని జాతియే యుండరాదని అతడును కోరుట లేదు.

కాని తుడిచివేయుటయే న్యాయమైన సందర్భమును ఉన్నది. నారికురుపు అను వ్యాధిని నేటి పిల్లలు ఎరుగరు. చెరువులలోను, దిగుడుబావులలోను నీరు త్రాగినవారి కడుపున అతిసూక్ష్మమైన నీటిపురుగుల వెంట ఒక పరాన్నజీవి ప్రవేశించును. సంవత్సరము పిదప గజమెడు పొడవున నారపోగువలె పెరిగి, కాలి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చును. మందు లేదు. దినమునకు కొంచెము కొంచెముగా పుల్లకు చుట్టుచు లాగవలెను, తెగినచో ప్రాణాపాయము. తెలుగు పల్లెలలోను ఈ బాధ యుండెడిది. నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పి, దిగుడుబావుల మెట్లు మూయించి, బోరింగులు వేయించి దీనిని నిర్మూలించిరి. మన దేశమున చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. 1986లో లోకమంతట లక్షలమందికి వచ్చుచుండిన ఈ వ్యాధి ఇటీవల ఏటా ఇరువదిమందికి మించి సోకుట లేదు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల కుక్కలలో మాత్రము మిగిలియున్నది. అక్కడను నశించిన నాడు, మనుష్యుడు తెలిసి తెలిసి, పట్టుబట్టి నిర్మూలించిన ప్రాణిజాతి ఇదియగును. దాని కొరకు శోకింపవలసిన పని లేదు. అయితే అచ్చటి తీర్పు తొందరపాటున చెప్పినది కాదు. ఆ పురుగు యేమి చేయునో, ఎట్లు బ్రతుకునో పూర్తిగా తెలిసిన పిదప చెప్పినది. రాబందు విషయమున ఆ తెలివిడి లేకయే తీర్పు అమలు జరిగిపోయినది.

కాపాడవలెనని నిశ్చయించిన తరువాత మూల్యము ఎవరు చెల్లింపవలెనను చిక్కు మిగిలియుండును. ఈ భాగమును పెద్దలు తరచు దాటవేయుదురు. కర్నూలు సీమయందలి రోళ్లపాడున బట్టమేకపిట్ట కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడినది. గడ్డిబీడును కాపాడగా కృష్ణజింకలు విరివిగా పెరిగెను. అవి కంచె దాటి చుట్టుప్రక్కల చేలలోని పైరును మేసెను. జింకను కొట్టరాదు, పైరు దక్కదు. పిట్టపై ఏ ద్వేషమును లేని రైతునకు పిట్టపేరు చెప్పిననే కోపము వచ్చు స్థితి యేర్పడినది. చుట్టునున్న బీడులు సాగుభూములైనవి. నేడు రోళ్లపాడున జింకలు కలవు, బట్టమేకపిట్ట మాత్రము దాదాపు లేనట్లే. లోకమంతటి సొత్తును కాపాడు భారమును నాలుగెకరముల రైతు నెత్తిన మోపుట న్యాయము కాదు. అట్లు మోపినచోట కాపుదలయు నిలువలేదు.

రాబందు విషయమున అదృష్టవశమున ఇట్టి పోటీ లేదు. మెలాక్సికామ్ అను వేరొక నొప్పిమందు పశువునకు గుణమిచ్చుననియు, రాబందునకు హాని చేయదనియు 2006 నాటికి పరీక్షించి తెలిసికొనిరి. ఆ యేడే పశువులకు డైక్లోఫెనాక్ ఇచ్చుటను ప్రభుత్వము నిషేధించినది. మనుష్యులకై చేసిన పెద్ద సీసాలు దొడ్డిదారిని పశువులశాలకు చేరుచుండుటచే 2015లో వానిని కూడ ఆపివేసిరి. అదే హాని చేయు మరి రెండు మందులను 2023లో నిషేధించిరి. హర్యానాలోని పింజోరులోను, హైదరాబాదు జంతుప్రదర్శనశాలలోను రాబందులను పెంచు ప్రయత్నములు జరిగినవి. 2013లో తెలంగాణమందలి బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట కొండచరియపై పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడెను.

రాబందు పెరుగుట మిక్కిలి మెల్లగా జరుగును. జంట యొకటి సంవత్సరమునకు ఒక్క గుడ్డు పెట్టును. పుట్టిన పిల్ల ఐదేండ్లకు గాని గూడు కట్టదు. ఆహారమునకై ఒక్క దినమున నూరు కిలోమీటర్లు దాటి పోగలదు గనుక, దాని కొండను కాపాడినంతనే అది కాపాడబడదు. అది యే ఊరి కళేబరముపై వ్రాలునో ఎవరును చెప్పలేరు. అద్దంకి ప్రాంతమున నేడు దున్నుటకు ట్రాక్టర్లు వచ్చినవి; దొడ్లలో ఎడ్లు తగ్గి గేదెలు పెరిగినవి. పొదుగు వాచిన గేదెను తోలుకొని రైతు పశువైద్యశాలకు వచ్చును. బల్లపై రెండు సీసాలుండును. రెండును నొప్పిని తగ్గించునవే.